ఫ్లాష్ వేస్తే ముఖం సున్నం, తీసేస్తే షేక్... కెమెరాలోని ఈ బుల్లి ఫ్లాష్‌ని అదుపులో పెట్టేదెలా?

కొత్త_క్లిక్కు
అందరికీ నమస్కారం. సెకండ్‌హ్యాండ్‌లో డీఎస్ఎల్ఆర్ కొని మూడు వారాలైంది. పగలు బయట తీసినవి బాగానే వస్తున్నాయి. రాత్రిపూట ఇంట్లోనే తంటా అంతా.

మా తాతయ్య కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. వెనక పుస్తకాల బీరువా, పక్కన పసుపు లైటు. చూడ్డానికి భలే ఉందని కెమెరా తీసి బటన్ సగం నొక్కానో లేదో, టప్ మని ఫ్లాష్ పైకి లేచింది. ఫొటోలో తాతయ్య ముఖం సున్నం కొట్టిన గోడ. బీరువా లేదు, లైటు లేదు, వెనకంతా అమావాస్య. కళ్లజోడులో మాత్రం రెండు తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి.

సరే, ఫ్లాషే వద్దని డయల్ తిప్పి ఫ్లాష్ ఆఫ్ గుర్తు మీద పెట్టా. ఈసారి బీరువా వచ్చింది, లైటూ వచ్చింది, పేపరు తిప్పుతున్న తాతయ్య చెయ్యి పొగైపోయింది.

ఫ్లాష్ బలం మైనస్ రెండు పెట్టి చూడు అని ఒకరు సలహా ఇచ్చారు. ఆటోలో ఉంచి ప్లస్ మైనస్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కెమెరా పాడైందా? నాకే తెలియట్లేదా?

యాభైఎంఎం
ఆ ఫ్లాష్ మూసేసి, అదొకటి ఉందన్న సంగతే మర్చిపోండి. ఎఫ్/1.8 లెన్స్ ఒకటి తీసుకోండి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో వచ్చే మీ కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6. దానికీ 1.8కీ మధ్య తేడా పదింతల వెలుగు. ఎక్కడ 1/6 సెకనులో చెయ్యి పొగవుతోందో అక్కడ 1/60 వస్తుంది. సమస్య ఖతం.

వెలుగునీడ
@యాభైఎంఎం ఎవరు ఏమడిగినా మీ జవాబు లెన్సే కదా సార్ :) ఆయన అడిగింది ఉన్న ఫ్లాష్ గురించి.

@కొత్త_క్లిక్కు కెమెరా మోడల్ చెప్పండి ముందు. ఫ్లాష్ విషయంలో కంపెనీకో పద్ధతి.

కొత్త_క్లిక్కు
సారీ, చెప్పడం మర్చిపోయా. నికాన్ డీ3300, 18-55 కిట్ లెన్స్.

మాన్యువల్_చదివినోడు
కెమెరా పాడవలేదు. ఆటో మోడ్‌లో ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరానే తేలుస్తుంది, మిమ్మల్ని వేలు పెట్టనివ్వదు. డయల్‌ని పీ గానీ ఏ గానీ ఎస్ గానీ ఎం గానీ పెట్టండి, మన మాట వినే మోడ్‌లు అవే. ఆ నాలుగింటిలో ఫ్లాష్ దానంతటది లేవదు. మీరు లేపితేనే లేస్తుంది.

లేపేది ఎలా అంటే, ఫ్లాష్ పక్కనే, ముందు వైపు ఎడమ పక్కన మెరుపు గుర్తుతో ఒక బటన్ ఉంటుంది చూడండి. అది ఒకసారి నొక్కితే లేస్తుంది. లేచాక అదే బటన్ నొక్కి పట్టుకుని వెనక చక్రం తిప్పితే ఫ్లాష్ మోడ్‌లు మారతాయి. ఆ బటన్‌తో పాటు షట్టర్ దగ్గరున్న ప్లస్ మైనస్ బటన్ కూడా కలిపి పట్టుకుని చక్రం తిప్పితే ఫ్లాష్ బలం మారుతుంది. మైనస్ 3 నుంచి ప్లస్ 1 దాకా. రెండు చేతులూ, ఐదారు వేళ్లూ కావాలి, మొదట్లో వీణ వాయిస్తున్నట్టే ఉంటుంది. రెండ్రోజుల్లో అలవాటవుతుంది.

వెలుగునీడ
బటన్లు ఆయన చెప్పేశారు కాబట్టి, వెనక అమావాస్య ఎందుకొచ్చిందో నేను చెప్తా. ఇది అర్థమైతే మిగతా బటన్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ఫ్లాష్ వేసి తీసిన ప్రతి ఫొటోలోనూ రెండు వెలుగులు ఉంటాయి. గదిలోని బల్బు వెలుగు కుళాయి లాంటిది. షట్టర్ తెరిచినంతసేపూ ధార పడుతూనే ఉంటుంది. ఫ్లాష్ అలా కాదు, చెంబెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టు. సెకనులో వెయ్యో వంతులోనో ఇంకా తక్కువలోనో అయిపోతుంది. షట్టర్ 1/200 అయినా 1/15 అయినా ఆ చెంబు చెంబే, కుళాయి నీళ్లే ఎక్కువో తక్కువో పడతాయి.

అంటే షట్టర్ వేగం తగ్గిస్తే బీరువా వెలుగుతుంది, తాతయ్య ముఖం మీద ఫ్లాష్ వెలుగు మారదు. ఎపర్చరు (లెన్స్ తెరుచుకునే రంధ్రం), ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టుకునే చురుకు) మారిస్తే రెండూ కలిసి మారతాయి. ఫ్లాష్ బలం ఒక్కటే తగ్గిస్తే ముఖం మాత్రమే తగ్గుతుంది.

మీ ఆటో మోడ్ చేసిందేమిటి? చెయ్యి కదలకూడదని షట్టర్‌ని 1/60 కంటే కిందికి దిగనివ్వలేదు. ఆ కాస్త సేపట్లో కుళాయి నుంచి నాలుగు చుక్కలు కూడా పడలేదు. ముందున్న మనిషికి చెంబెడు పడింది, వెనక బీరువాకి ఏమీ అందలేదు. దానికి తోడు ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది. తాతయ్య మీటరున్నర దూరంలో, బీరువా మూడు మీటర్లలో ఉంటే బీరువాకి దక్కేది పావు వంతే.

ఈ రాత్రి ఇలా చేయండి. పీ మోడ్, ఐఎస్ఓ 800, ఫ్లాష్ మోడ్‌లలో స్లో సింక్, ఫ్లాష్ బలం మైనస్ 1. స్లో సింక్ అంటే 1/60 అనే కట్టడి తీసేయడమే, ఇంకేం లేదు.

షట్టర్_సుబ్బి
నాది కానన్ 1500డీ. మాకు ఏవీ మోడ్‌లో (ఎపర్చరు మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునేది) ఆ స్లో సింక్ అడక్కుండానే వస్తుంది. ఫ్లాష్ వేసుకున్నాం కదా అని ధీమాగా తీస్తే షట్టర్ ఒక సెకను దాకా పోతుంది, మనిషి పక్కన మనిషి దెయ్యం వస్తుంది. కస్టమ్ ఫంక్షన్‌లలో ఏవీ మోడ్ ఫ్లాష్ సింక్ వేగం అని ఒకటుంది, అక్కడ 1/200 నుంచి 1/60 మధ్య అని పెడితే ఆగుతుంది.

ఇంకోటి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ప్లస్ మైనస్ బటన్ ఒక్కటే నొక్కి మార్చేది) మైనస్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే చీకటవుతుంది, ఫ్లాష్ వెలుగు మారదు. కొత్తవాళ్లు రెండూ కలిపేసుకుంటారు, జాగ్రత్త.

మాన్యువల్_చదివినోడు
@షట్టర్_సుబ్బి తప్పండీ. ప్లస్ మైనస్ బటన్ ఒక్కటే నొక్కి తగ్గించినా ఫ్లాష్ కూడా తగ్గుతుంది.

షట్టర్_సుబ్బి
నాలుగేళ్లుగా వాడుతున్నానండీ. తగ్గదు.

మాన్యువల్_చదివినోడు
నేను ఇప్పుడే గోడ మీద రెండు ఫొటోలు తీసి చూశా. తగ్గింది.

ముప్పైఏళ్ల_ఫిల్మ్
ఇద్దరూ తగువు ఆపండి, ఇద్దరిదీ నిజమే. కానన్‌లో ఆ బటన్ గది వెలుగుకే పరిమితం. నికాన్ బిగినర్ కెమెరాల్లో అది గది వెలుగునీ ఫ్లాష్‌నీ కలిపి లాగుతుంది. కాబట్టి నికాన్‌లో బీరువా మైనస్ 1 కావాలి, ముఖం మాత్రం మామూలుగా ఉండాలి అంటే ఎక్స్‌పోజర్ మైనస్ 1, ఫ్లాష్ ప్లస్ 1 పెట్టాలి. పక్కింటి కెమెరాకి చెప్పిన సలహా మన కెమెరాకి పనికిరాదని అందుకే అనేది.

షట్టర్_సుబ్బి
అయ్యో, ఇన్నాళ్లూ మా తమ్ముడి నికాన్ తీసుకుని వాడికి క్లాసు పీకుతున్నా నేను.

కొత్త_క్లిక్కు
ఇప్పుడే తీసి చూశా. స్లో సింక్, మైనస్ 1. మొదటి ఫొటో చూడగానే కేక పెట్టా. బీరువా వచ్చింది! పసుపు లైటు వచ్చింది! ముఖం ముఖంలా ఉంది!

కానీ రెండు కొత్త సమస్యలు.
ఒకటి, ఫొటో అడుగున మధ్యలో నల్లగా సగం చందమామ. పది ఫొటోల్లో ఆరింటిలో ఉంది.
రెండు, చాలావాటిలో తాతయ్య పక్కకి తిరిగిపోయి ఉన్నారు, లేదా కళ్లు మూసి ఉన్నారు. అడిగితే "లైటు వెలిగింది కదా, అయిపోయిందనుకున్నా" అంటున్నారు.

యాభైఎంఎం
సగం చందమామ మీ వేలు. నేను చెప్పా కదా మూసేయమని.

పిల్లికళ్లు
వేలైతే పక్క నుంచి వస్తుంది, అడుగున మధ్యలో అంత గుండ్రంగా ఎందుకొస్తుంది? లెన్స్‌కి హుడ్ (ముందు తగిలించే గొట్టం) పెట్టారా?

కొత్త_క్లిక్కు
పెట్టాను. అమ్మినాయన లెన్స్‌తో పాటు ఇచ్చాడు, చూడ్డానికి బాగుందని అలాగే ఉంచా.

పిల్లికళ్లు
అదే దొంగ. బుల్లి ఫ్లాష్ లెన్స్‌కి జానెడు ఎత్తు కూడా ఉండదు, దాని వెలుగుకి హుడ్ అడ్డమొచ్చి నీడ పడుతోంది. 18 దగ్గర కిందిదాకా కనిపిస్తుంది కాబట్టి నీడ ఫ్రేములోకి వస్తుంది, 55 దగ్గర ఫ్రేము బయటికి పోతుంది. మీ పదిలో నాలుగింటికి లేకపోవడం అందుకే అయ్యుంటుంది. హుడ్ తీసేయండి. మరీ దగ్గరికి కూడా వెళ్లకండి, 60 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే హుడ్ లేకపోయినా లెన్స్ గొట్టం నీడే పడుతుంది.

మాన్యువల్_చదివినోడు
రెండో సమస్యకి: చక్రం తిప్పేటప్పుడు ఒక గడి ఎక్కువ తిప్పినట్టున్నారు. తెర మీద మెరుపు గుర్తు పక్కన కన్ను బొమ్మ కూడా ఉందా? ఉంటే అది రెడ్ ఐ తగ్గించే మోడ్. షట్టర్ నొక్కాక కెమెరా ముందున్న దీపం దాదాపు ఒక సెకను వెలిగి, ఆ తర్వాత అసలు ఫొటో తీస్తుంది. తాతయ్యగారి తప్పేం లేదు. దీపం చూసి అయిపోయిందనుకున్నారు.

కొత్త_క్లిక్కు
ఉంది, కన్ను బొమ్మ ఉంది. కానీ అది తీసేస్తే కళ్లు ఎర్రగా రావా?

ముప్పైఏళ్ల_ఫిల్మ్
రావచ్చు. ఎర్రకన్ను ఎందుకొస్తుందంటే, ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉండటంతో వెలుగు కంటిపాపలోంచి నేరుగా లోపలికి పోయి, కంటి వెనక గోడలోని రక్తనాళాల ఎరుపుని మోసుకుని నేరుగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, అందుకే చీకట్లోనే ఎక్కువ. ఆ దీపం పని కంటిపాపని కాస్త ముడుచుకునేలా చేయడం. అది వేయకుండా గదిలో ఇంకో లైటు వేసినా అదే పని జరుగుతుంది. మనిషిని కెమెరాలోకి కాకుండా కాస్త పక్కకి చూడమన్నా చాలు.

ఇంకో మాట. ఆ దీపం తీసేసినా కొందరికి కళ్లు మూసుకునే వస్తాయి. టీటీఎల్ అంటే కెమెరా మొదట చిన్న మెరుపొకటి వేసి, తిరిగొచ్చిన వెలుగు లెన్స్‌లోంచి కొలిచి, అప్పుడు అసలు మెరుపు వేయడం. రెండింటి మధ్య సందు ఎంత చిన్నదంటే మన కంటికి ఒకటే అనిపిస్తుంది. కానీ రెప్ప చురుకైనవాళ్లు మొదటి మెరుపుకే మూసేస్తారు. అలాంటి వాళ్లకి మందు, మెనూలో ఫ్లాష్‌ని టీటీఎల్ నుంచి మాన్యువల్‌కి మార్చడం. డీ3300లో పూర్తి బలం నుంచి 1/32 దాకా మనమే పెట్టుకోవచ్చు. అప్పుడు ముందస్తు మెరుపు ఉండదు. రెండు మూడు ఫొటోలు తీసి సరిచేసుకోవాలి, అంతే కష్టం.

షట్టర్_సుబ్బి
మా 1500డీ వాళ్ల బాధ వేరు. చీకట్లో సగం నొక్కితే చాలు, ఫోకస్ కోసమని ఫ్లాష్ టపటపా నాలుగైదు సార్లు కొడుతుంది. ఎదుటివాళ్లు బెదిరిపోయి చూస్తారు. కస్టమ్ ఫంక్షన్‌లలో ఏఎఫ్ అసిస్ట్ ఆపేస్తే ఊరుకుంటుంది. ఎవరైనా వెతుక్కుంటూ ఇక్కడికొస్తే పనికొస్తుందని రాస్తున్నా.

కొత్త_క్లిక్కు
కళ్లజోడులో ఆ తెల్ల చుక్కలకి ఏదైనా ఉందా? ఇంకా ముఖం మీద మెరుపు, గోడ మీద గట్టి నీడ. ఫ్లాష్‌కి టిష్యూ పేపర్ కడితే పోతుందని వీడియోల్లో చూశా.

పిల్లికళ్లు
టిష్యూ సంగతి నన్నడగండి. పోయిన నెల ఒక ఆదివారమంతా మా పిల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఇదే పని. ఒక మడత టిష్యూ, రెండు మడతలు, పాల డబ్బా మూత లాంటి తెల్ల ప్లాస్టిక్, తెల్లట్ట. కెమెరా కదలకుండా, దూరం మారకుండా.

టిష్యూతో నీడ అంచు మెత్తబడిందా అంటే... చెప్పుకోదగ్గంత లేదు. నీడ మెత్తగా రావాలంటే వెలుగొచ్చే చోటు పెద్దదవ్వాలి. టిష్యూ కట్టినా ఫ్లాష్ అగ్గిపెట్టె అంతే ఉంది, అగ్గిపెట్టె కాస్త మసకైంది. వెలుగు కొంత పోయింది, దాన్ని కెమెరా బలం పెంచి భర్తీ చేసుకుంది, బ్యాటరీ తిన్నది. టిష్యూ వల్ల బాగుందని అందరూ అనేది చాలాసార్లు ఫ్లాష్ తగ్గడం వల్లే. అది మైనస్ 1తో కూడా అవుతుంది.

పనిచేసింది అట్ట. విజిటింగ్ కార్డు కంటే కాస్త పెద్ద తెల్లట్ట ముక్కని ఫ్లాష్ ముందు వాలుగా పట్టుకుని వెలుగుని పైకప్పు మీదికి తిప్పాను. కప్పు తెల్లగా, తక్కువ ఎత్తులో ఉండాలి. ఐఎస్ఓ 800 పెట్టాలి, లేకపోతే సరిపోదు. అప్పుడు వెలుగొచ్చేది అగ్గిపెట్టెలోంచి కాదు, కప్పులో సగం లోంచి. నీడ దాదాపు మాయం. పిల్లి మీసాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. వెలుగు పై నుంచి వస్తుంది కాబట్టి కళ్ల కింద కాస్త గుంటలు పడతాయి, ఆ అట్ట అంచు దాటి ముందుకి పోయే కొద్ది వెలుగు ఆ గుంటల్ని నింపుతుంది.

చివరికి పిల్లి అట్ట ఎత్తుకుపోయింది.

వెలుగునీడ
కళ్లజోడుకి: అద్దం మీద పడిన వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో తిరిగి వెళ్తుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంది కాబట్టి ఆయన నేరుగా చూస్తే నేరుగా మీకే వస్తుంది. పేపరు మీదికి తల వంచి చదువుతుండగా తీయండి, అద్దాలు కిందికి వాలతాయి, మెరుపు నేల మీదికి పోతుంది. పైగా అదే కదా మీకు కావలసిన ఫొటో.

యాభైఎంఎం
నేను చెప్పేది ఎవరూ వినరు కానీ, ఒక సాయం చేసి పోతా. ఎప్పుడైనా లెన్స్ కొంటే ఏఎఫ్-ఎస్ (లెన్స్ లోపలే ఫోకస్ మోటారు ఉన్న రకం) అని రాసి ఉన్నదే కొనండి. పాత ఏఎఫ్-డీ రకం మీ కెమెరా బాడీ మీద ఆటోఫోకస్ చేయదు, బాడీలో దానికి మోటారు లేదు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని చాలామంది అక్కడే దొరికిపోతారు.

కొత్త_క్లిక్కు
@యాభైఎంఎం వింటున్నానండీ, నోట్ చేసుకున్నా. ఇంకో సందేహం, ఈ ఫ్లాష్ ఎంత దూరం కొడుతుంది? మొన్న స్టేడియంలో అందరూ కొడుతుంటే నేనూ కొట్టా. ముందు వరసలో తలకాయలు తప్ప ఏమీ రాలేదు.

ముప్పైఏళ్ల_ఫిల్మ్
హహ. స్టేడియంలో ఫ్లాష్ వేసేవాళ్లందరూ ముందు వరస తలకాయలనే వెలిగిస్తున్నారు. లెక్క చిన్నదే, చూడండి.

ప్రతి ఫ్లాష్‌కీ గైడ్ నంబర్ అని ఒకటుంటుంది. మీ డీ3300కి ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో 12. దాన్ని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే ఎంత దూరం చేరుతుందో వస్తుంది. ఎఫ్/4 అయితే 12ని 4తో భాగించండి, 3 మీటర్లు. ఐఎస్ఓ నాలుగింతలు చేస్తే దూరం రెట్టింపు, అంటే ఐఎస్ఓ 400 దగ్గర 6 మీటర్లు. సుబ్బిగారి 1500డీది ఇంకా చిన్నది, 9.2. అదే నికాన్‌లో మీ దాని తర్వాత వచ్చిన డీ3400కి 7 మాత్రమే. కొత్త మోడల్ అంటే అన్నీ పెరుగుతాయనుకోకూడదు. స్టేడియంలో మీ ఆటగాడు ఎనభై మీటర్ల దూరంలో ఉన్నాడు. ఇక మీరే లెక్కేసుకోండి.

నా దృష్టిలో ఈ బుల్లి ఫ్లాష్ అసలు పని రాత్రి కాదు, పగలు. నడినెత్తి ఎండలో మనిషిని నిలబెడితే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు. సూర్యుడు వెనక ఉంటే ముఖమే నలుపు. అప్పుడు ఫ్లాష్ లేపి మైనస్ 1 పెట్టి కొట్టండి. చూసినవాళ్లకి ఫ్లాష్ వేసినట్టు తెలియదు, ఫొటో ఎందుకో బాగుందంటారు. అయితే ఫ్లాష్ లేపితే మీ కెమెరా షట్టర్ 1/200 దాటనివ్వదు. షట్టర్ తెరలు రెండూ పూర్తిగా తెరిచి ఉండే ఒక్క క్షణంలోనే మెరుపు పడాలి, అంతకంటే వేగమైతే తెరల మధ్య సన్నటి సందు మాత్రమే జరుగుతూ పోతుంది. కాబట్టి ఎండలో ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్/11 దగ్గర స్థిరపడతారు. 12ని 11తో భాగిస్తే మీటరు చిల్లర. నీడలు నింపడానికి పూర్తి బలం అక్కర్లేదు కనుక రెండు మీటర్ల దాకా పనికొస్తుంది. అంటే దగ్గరికి వెళ్లి తీయాలి. దూరం నుంచి గుంపు ఫొటోకి పనిచేయలేదని నన్ను తిట్టకండి.

1887లో జర్మనీలో మెగ్నీషియం పొడి కలిపి ఫ్లాష్ పౌడర్ చేసినప్పుడు ఒక్కో ఫొటోకి గదంతా తెల్ల పొగ. మనకి బటన్ నొక్కితే లేచే ఫ్లాష్ దొరికింది, దాన్నీ విసుక్కుంటున్నాం.

వెలుగునీడ
ఒక చిన్న మాట కలుపుతా. స్లో సింక్‌తో తీసినప్పుడు ముఖం తెల్లగా, బీరువా నారింజ రంగులో వస్తే కంగారు పడకండి. ఫ్లాష్ వెలుగు పగటి వెలుగు రంగు, సుమారు 5500 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గితే పసుపు పెరుగుతుంది). పసుపు బల్బు 3000 చుట్టుపక్కల. రెండూ ఒక ఫొటోలో సరిపెట్టడం వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సరిచేసే సెట్టింగు) వల్ల కాదు. ఫ్లాష్ మీద నారింజ రంగు పారదర్శక కాగితం ముక్క కట్టి, వైట్ బ్యాలెన్స్ బల్బు గుర్తు మీద పెడితే రెండూ ఒకటవుతాయి. నాకు మాత్రం ఆ కొంచెం నారింజ ఇష్టం. ఇల్లు ఇల్లులా ఉంటుంది.

ఇప్పుడు ఎం మోడ్‌కి (షట్టర్, ఎపర్చరు రెండూ మనమే పెట్టుకునేది) రండి, భయపడకుండా. ఫ్లాష్ ఉంటే ఎం మోడే తేలిక. ఆటో ఐఎస్ఓ మాత్రం ఆపేయండి, లేకపోతే మీరు ఒకటి పెడితే అది ఇంకోటి పెడుతుంది.

కొత్త_క్లిక్కు
వచ్చేసింది!!! ఎం మోడ్, 1/30, ఎఫ్/4.5, ఐఎస్ఓ 800, ఫ్లాష్ మైనస్ 1.7. హుడ్ తీసేశా, కన్ను బొమ్మ తీసేశా. తాతయ్య తల వంచి పేపరు చదువుతున్నారు, అద్దాల్లో చుక్కలు లేవు, బీరువాలో పుస్తకాల వీపుల మీద అక్షరాలు కూడా చదవొచ్చు. తిప్పుతున్న పేపరు అంచు కొద్దిగా పొగలా ఉంది, చెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. అది బాగుంది కూడా. ఫ్లాష్ కూడా వెంటవెంటనే సిద్ధమవుతోంది, ఇంతకుముందులా మెరుపు గుర్తు మినుకుమినుకుమంటూ ఆగిపోవట్లేదు.

తాతయ్యకి చూపిస్తే కాసేపు చూసి, "పేపరు నిన్నటిది" అన్నారు.

ముప్పైఏళ్ల_ఫిల్మ్
బాగుంది. వెంటవెంటనే సిద్ధమవడం ఎందుకంటే ఐఎస్ఓ 800 దగ్గర రెండు మీటర్లకి దాని బలంలో పదో వంతు కూడా ఖర్చు కావట్లేదు. పూర్తి బలంతో వరసగా కొడితే వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది కూడా, అది పాడవడం కాదు.

కొత్త_క్లిక్కు
మళ్లీ నేనే. ఇవాళ పొద్దున మా చెల్లిని వరండాలో వెలుగుకి ఎదురుగా నిలబెట్టి, మీరు చెప్పినట్టే పగలు ఫ్లాష్ లేపి తీశా. ఐదు ఫొటోల్లోనూ ముఖం నల్లగానే ఉంది. ఫ్లాష్ వెలుగుతోంది, నేను చూస్తున్నా. దూరం మీటరున్నరే. రాత్రంతా కెమెరా ఆఫ్‌లోనే ఉంది, ఫ్లాష్ సెట్టింగులేమీ ముట్టుకోలేదు.

మాన్యువల్_చదివినోడు
ఏమీ ముట్టుకోకపోవడమే సమస్య. నిన్నటి మైనస్ 1.7 ఇంకా అలాగే ఉంది, కెమెరా ఆఫ్ చేసినా అది పోదు. రెండు బటన్లూ కలిపి పట్టుకుని చక్రం తిప్పి సున్నాకి తెండి.

కొత్త_క్లిక్కు
...తెచ్చా. వచ్చింది.